ఆరు పేరాల అర్జీ

పూసలమెట్ట పురపాలక సంఘానికి ఆ ఏడు పేరాల పిచ్చి పట్టుకుంది.

ఎలా పట్టుకుందో ఊరందరికీ తెలుసు. కమిషనరుగారు రాజధానిలో ఏదో శిక్షణ తరగతికి వెళ్లొచ్చారు. కంప్యూటర్లో ఉత్తరాన్ని తీర్చిదిద్దడం ఎలా అన్నది అక్కడ పాఠం. పేరా ఎక్కడ మొదలవ్వాలి, మొదటి లైను ఎంత లోపలికి జరగాలి, ఒక పేరాకీ ఇంకో పేరాకీ మధ్య ఎంత ఖాళీ వదలాలి, ఇవన్నీ బొమ్మలేసి మరీ చెప్పారట. వెళ్లేటప్పుడు మామూలు మనిషిలాగే వెళ్లిన కమిషనరుగారు, తిరిగొచ్చాక ఆఫీసులో పాత ఫైలు ఒకటి తెరిచి, చూడకూడనిది చూసినట్టు కళ్లు మూసుకున్నారు. మురుగుకాలవలు, దోమలు, కుక్కలు, వీధిదీపాలు అన్నీ ఒకే పేరాలో కలిసి కాపురం చేస్తున్నాయి. ఊరు ఇలా ఉండడానికి కారణం ఆయనకి ఆ క్షణంలోనే బోధపడింది.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. దాన్ని పటం కట్టించి ఆఫీసు గుమ్మంలో వేలాడదీశారు.

"పేరాయే పరిపాలనకు పునాది. ఇకమీదట ఒక పేరాకు ఒకే అంశము, ఒక అంశమునకు ఒకే ఫైలు, ఒక ఫైలుకు ఒకే విభాగము. పేరాలో ముందుగా కనబడునదే దాని అంశముగా పరిగణించబడును. తక్కినది శోభగా భావించబడును. తల, మొండెము, పాదములు అను మూడు పేరాలైనను లేని అర్జీ అర్జీయే కాదు. పేరాల లెక్కలో కంప్యూటర్ మాటయే తుదిమాట."

చేతిరాత అర్జీలు ఆగిపోయాయి, వాటిలో పేరాలు లెక్కపెట్టడం కంప్యూటర్‌కి రాదు గనక. జనన మరణాలు నమోదు చేసుకుంటూ ఓ మూల కూర్చునే విశ్వంభరంగారికి 'పేరా పర్యవేక్షణాధికారి' అని కొత్త హోదా, తిరిగే కుర్చీ వచ్చాయి. పుట్టడం, పోవడం మధ్యలో మనిషికి ఇంత పని ఉంటుందని తనకి ఇన్నాళ్లూ తెలియదని ఆయన పొంగిపోయాడు.

ఇది జరిగిన కొద్ది రోజులకే సీతాఫలాల వీధిలో మంచినీళ్ల గొట్టం పగిలింది. సరిగ్గా హైమవతి గుమ్మం ముందు పగిలింది.

మొదట రోడ్డు మీద చెమ్మ కనిపించింది. తర్వాత ఊట, ఆ తర్వాత కాలవ. గొట్టం పగిలినచోట మట్టి కొట్టుకుపోయి గొయ్యి పడింది. వీధికంటే పల్లంలో ఉన్న ఇల్లు కావడంతో, నీళ్లు చుట్టపుచూపుగా గడప దాటి ముందుగదిలోకి వచ్చేశాయి. ముందుగదిలో హైమవతి అత్తగారు సుభద్రమ్మ మంచం ఉంది. ఆవిడకి తుంటి ఎముక విరిగి ఆపరేషను అయింది. లేచి నడవలేదు. ఇంట్లో ఇంకో గదిలోకి ఆ మంచం పట్టదు. హైమవతి, ఆమె భర్త కలిసి మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టారు. భర్త ప్రభాకరం పక్క ఊరి కాలేజీలో లెక్చరరు. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, దీపాలవేళకి వస్తూనే ముందు ఇటుకల వంక చూసేవాడు. ఓ ఇటుక మునిగితే ఇంకో ఇటుక పెట్టడం, అంతే. ఇలా మంచం పైకి వెళుతుంటే ఫ్యాను దగ్గరపడుతోందని సుభద్రమ్మ కంగారు.

"మీ ఇద్దరికీ నన్ను పైకి పంపాలని అంత సరదాగా ఉంటే ఒక్కసారే చెప్పండర్రా. ఇలా ఇటుకలు లెక్కపెట్టుకుంటూ ఎందుకూ?" అందావిడ.

వాల్వు వీధి చివరే ఉంది. రెండు తిప్పులు తిప్పితే నీళ్లు ఆగిపోతాయి. కానీ దాని మీద మూత, మూతకి తాళం, తాళంచెవి ఆఫీసులో. లైన్‌మన్‌ని బతిమాలితే, ఇదివరకైతే అడక్కుండానే కట్టేసేవాణ్ణనీ, ఇప్పుడు పేరా లేకుండా వాల్వు ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందనీ దణ్ణం పెట్టాడు.

హైమవతి సాంబమూర్తి మాస్టారి దుకాణానికి వెళ్లింది. ఒకప్పుడు ఊళ్లో సగంమందికి టైపు నేర్పిన మనిషాయన. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక, ఆ గదిలోనే రెండు కంప్యూటర్లు పెట్టుకుని అర్జీలు కొట్టి ఆఫీసుకి పంపుతున్నాడు. హైమవతి చెబుతుంటే ఆయన టకటకా కొట్టాడు. లైను చివరికి రాగానే అలవాటు కొద్దీ ఎడంచెయ్యి గాల్లోకి లేచి, లేని మిషను తోసి, తిరిగొస్తూ ఎంటర్ మీట నొక్కేది. ఆ లయ చూడ్డానికి ముచ్చటగా ఉందనుకుంది హైమవతి. కాగితం మీద అర్జీ ఇలా వచ్చింది.

అయ్యా, సీతాఫలాల వీధిలో గొట్టం పగిలి మంచి
నీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయి. మా అత్తగారు
నడవలేని మనిషి. వెంటనే వాల్వు కట్టించి,
మా గుమ్మం ముందర అంత పెద్ద గొయ్యి
పూడ్పించి మమ్మల్ని ఈ బాధ నుంచి తప్పించమని
కోరుతున్నాను.

చదువుకున్న మనిషి, ఒకటికి రెండుసార్లు చదివి చూసుకుంది. ఎక్కడా తప్పు లేదు. దీన్నే మూడు ముక్కలు చెయ్యాలేమో కదా అని అడిగితే, తన అర్జీ ఏదీ ఇంతవరకు వెనక్కి రాలేదని మాస్టారు భరోసా ఇచ్చాడు. ఆ మాట నిజమే. అర్జీ వెనక్కి రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఉద్యానవన విభాగం వచ్చింది. ఖాకీ చొక్కాలవాళ్లు ముగ్గురు నీళ్లలో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి, సీతాఫలాల చెట్లెక్కడ అని అడిగారు. అది వీధి పేరేనని, ఇక్కడ చెట్లెప్పుడూ లేవని హైమవతి చెప్పింది. అందుకే అర్జీ పెట్టారన్నమాట అని వాళ్లు తల ఊపి, ఒక మొక్క నాటి, చుట్టూ కంచె కట్టి, నీళ్లు పోయక్కర్లేకుండా ఉన్నందుకు సంతోషిస్తూ వెళ్లిపోయారు.

మధ్యాహ్నం నీటి సరఫరా విభాగం నుంచి అభినందన పత్రం వచ్చింది. తమ సేవల గురించి పౌరులు ఇలా స్వచ్ఛందంగా తెలియజేయడం ఈ పట్టణ చరిత్రలో ఇదే ప్రథమమట. వీధి మొదట్లో ఫ్లెక్సీ కూడా కట్టారు. "నీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయి" అని పెద్దక్షరాలు, కింద హైమవతి పేరు, ఆ పక్కన చేతులు జోడించి నవ్వుతున్న కమిషనరుగారు. ఇరుగమ్మలు పొరుగమ్మలు చీరలు పైకి దోపుకుని వచ్చి, ఇంత పొగడ్త ఎందుకు రాసిచ్చావని నిలదీశారు.

సాయంత్రం సంక్షేమ విభాగం ఆటోలో మూడు చక్రాల బండి దింపింది. నడవలేనివాళ్లు కూర్చుని చేత్తో తిప్పుకుంటూ వెళ్లే బండి. ఎర్రరంగు, కొత్త టైర్లు. వాల్వు సంగతి అడిగితే, పేరాలో ముందున్నది నడవలేని మనిషి గనక తమ బాధ్యత అంతవరకేననీ, వాల్వు శోభ కిందికి వస్తుందనీ చెప్పారు. హైమవతికి ఒళ్లు మండిపోయింది. సుభద్రమ్మ మాత్రం మంచం మీంచి ఆ బండిని తేరిపార చూసి, ఎరుపు బాగుందంది.

ఆ మర్నాడు ఇంజనీరింగు విభాగం దిగింది. గుమ్మం ముందర పెద్ద గొయ్యి మంజూరైందన్నారు. ఉందిగదా అంటే, అది స్వయంగా పడిన గొయ్యి, ప్రమాణాలకు లోబడినది కాదన్నారు. అంత అని అర్జీలో ఉంది గాని ఎంత అని లేదు గనక ఉదారంగానే తవ్వుతున్నామన్నారు. లారీ పట్టేంత తవ్వి, నాలుగు వైపులా ఇటుక గోడ కట్టి, సిమెంటు పూసి, పగిలిన గొట్టం మూతిని ఆ గోడలోంచి ముచ్చటగా బయటికి తీసి వదిలారు. సాయంకాలానికల్లా గొయ్యి తేటనీళ్లతో నిండి, అంచు పొర్లి, ఇదివరకటికంటే జోరుగా ఇంట్లోకి రావడం మొదలైంది. మంచం కింద ఇంకో ఇటుక పడింది.

మర్నాడు పొద్దెక్కాక వచ్చాడు ఒక పెద్దమనిషి, తెల్లపంచె, నుదుట బొట్టు. గడపలో నిలబడి, గొంతు తగ్గించి, తాను శ్మశానాల విభాగం నుంచి వచ్చానన్నాడు. పూడ్పించమని అర్జీ అందిందట.

"ఎవరినండీ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

 మంచం మీంచి సుభద్రమ్మ పలికింది. "నాకోసమే అనుకుంటా, పాపం ఎండనపడి వచ్చాడు. అమ్మాయ్, కుర్చీ వేసి మజ్జిగివ్వు. ఏం బాబూ, నా పేరొక్కటే వచ్చిందా, తక్కినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయా?"

"మమ్మల్ని అని బహువచనంలో ఉందమ్మా. సంఖ్య తెలిస్తే కొలతలు రాసుకుంటాను."

మజ్జిగ తాగి, తొందరేమీ లేదని చెప్పి వెళ్లాడాయన. హైమవతి చీర మార్చుకుని ఆఫీసుకి నడిచింది.

ఆఫీసులో జనాన్ని కూడా తీర్చిదిద్దుతున్నారు. వరసలో మొదటి మనిషి ఒక అడుగు లోపలికి జరిగి నిలబడాలి, తక్కినవాళ్లు గోడకి ఆనుకుని ఉండాలి. ఒక కుటుంబానికీ మరో కుటుంబానికీ మధ్య జానెడు ఖాళీ. రెండో వైపు కూడా సమంగా ఉండాలని, బక్కగా ఉన్నవాళ్లని చేతులు చాపుకోమన్నారు. లావుగా ఉన్న ఒకాయన ఊపిరి బిగబట్టి ఎర్రబడుతున్నాడు.

విశ్వంభరంగారు తిరిగే కుర్చీలో సగం తిరిగి ఆమెని కూర్చోమన్నాడు. ఆమె అర్జీ తెరమీద తెరిచి, తాను చూసినవాటిల్లోకెల్లా సమృద్ధమైన అర్జీ ఇదేనని మెచ్చుకున్నాడు.

"మామూలు జనం మూడు పేరాలతో సరిపెడతారు మేడమ్. తమరు ఆరు పేరాలు సమర్పించారు. ఆరింటికీ ఆరు విభాగాలు స్పందించుచున్నవి."

"ఆరెక్కడండీ? ఉన్నది ఒక్కటేగా?"

ఆయన జాలిగా నవ్వి, ఏదో మీట నొక్కాడు. తెరమీద ప్రతి లైను చివరా ఒక వంకర కొక్కెం ప్రత్యక్షమైంది. మన కంటికి కనిపించేది వేరనీ, యంత్రానికి కనిపించేది వేరనీ, ఎంటర్ నొక్కిన ప్రతిచోటా ఒక పేరా పూర్తయినట్టేననీ వివరించాడు. హైమవతి ఆ ఆరు కొక్కేల వంకా చూసింది. గాల్లోకి లేచిన మాస్టారి ఎడంచెయ్యి గుర్తొచ్చింది. చెట్టూ, ఫ్లెక్సీ, బండీ, గొయ్యీ, పంచె కట్టిన పెద్దమనిషీ ఒకరి వెనక ఒకరు ఆ కొక్కేలకి వేలాడుతున్నట్టు కనిపించారు.

పైనుంచి కిందికి కలిపి చదివితే అర్థమవుతుంది గదా అని అడిగింది. కలిపి చదవడం ఉత్తర్వుకి విరుద్ధమన్నాడు. పోనీ మీకు అర్థమైందా అంది. మనిషిగా అర్థమైందనీ, అధికారిగా కాలేదనీ చెప్పాడు. ఆరో పేరా 'కోరుతున్నాను' మాత్రం ఏ విభాగానికీ చెందక సాధారణ పరిపాలనకి వెళ్లిందనీ, అక్కడ దాని మీద లోతుగా చర్చ జరుగుతోందనీ కూడా చెప్పాడు.

మాస్టారి దుకాణంలో రెండో ప్రయత్నం మొదలైంది. లైను చివర ఎంటర్ కొట్టొద్దని హైమవతి చెప్పింది. అలాగేనమ్మా అన్నాడు, కొట్టాడు. మళ్లీ చెప్పింది, మళ్లీ కొట్టాడు. నలభై ఏళ్ల చెయ్యి, నా మాట వినదమ్మా అని ఆయనే విచారపడ్డాడు. ఆఖరికి హైమవతి ఆయన తాగేసిన కాఫీ గ్లాసు తీసి ఎంటర్ మీట మీద బోర్లించి, దాని మీద తన చెయ్యి పెట్టి కూర్చుంది. ఆయన వేళ్లు లైను లైనుకీ వచ్చి గ్లాసుని టింగుమని కొట్టి వెళ్లేవి. అలా అర్జీ మొత్తం ఒక్క పేరాలో ఇమిడింది.

దాన్ని విశ్వంభరంగారు చూసీ చూడగానే తిప్పి పంపాడు. తలా పాదాలు లేవు.

ఆ రాత్రి మంచం మీద కూర్చుంటే సుభద్రమ్మ తల ఫ్యానుకి తగిలేలా ఉందని ఫ్యాను ఆపేశారు. ఉక్కకి నిద్రపట్టక హైమవతి ఆలోచించింది. మూడు పేరాలంటే మూడు విభాగాలు. ముందున్న మాటే అంశం. అయితే మూడు పేరాల్లోనూ ఒకే మాట చెబితే? ముగ్గురిలో ఒక్కడైనా తిప్పడా ఆ వాల్వుని?

పొద్దున్నే వెళ్లి, గ్లాసు రెండేసార్లు పైకెత్తి, మూడు లైన్లు కొట్టించింది.

నీళ్లు ఆగేలా వీధి వాల్వు కట్టేయాలి.
సీతాఫలాల వీధి వాల్వు కట్టేయాలి.
నడవలేనివారి వీధి వాల్వు కట్టేయాలి.

విశ్వంభరంగారు ఆ మూడు లైన్లనీ చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మూడూ దాదాపు ఒకే పొడవు. కమిషనరుగారికి చూపించి, నమూనా అర్జీగా గోడకి అంటించాడు. గంటలో మూడు విభాగాలూ బయల్దేరాయి.

ముందు నీటి సరఫరావాళ్లు వచ్చి వీధి వాల్వు కట్టేసి, ఫొటో తీసుకుని వెళ్లారు. గోడలోంచి వస్తున్న ధార సన్నబడి, చుక్కయి, ఆగిపోయింది. హైమవతి గడపమీద కూలబడి నవ్వింది. ముందుగదిలో నీళ్లు తోడెయ్యడానికి చేట కూడా తెచ్చుకుంది. ఇంతలో ఉద్యానవన విభాగం వచ్చింది. వాల్వు అప్పటికే కట్టేసి ఉంది. చేసిన పని శూన్యం అని నివేదిక రాస్తే సంజాయిషీ అడుగుతారు. కాబట్టి వాళ్లు పైకి నడిచి, పెద్దరోడ్డు వాల్వు కట్టేసి ఫొటో తీసుకున్నారు. వాళ్ల తర్వాత వచ్చిన సంక్షేమ విభాగానికి ఆ రెండూ కట్టేసి కనిపించాయి. వాళ్లు ఏకంగా ట్యాంకు దాకా వెళ్లి, అసలు వాల్వే బిగించి వచ్చారు.

తెల్లారేసరికి పూసలమెట్టలో ఒక్క కుళాయిలో కూడా చుక్క లేదు. నీళ్లున్నది ఒక్కచోటే. హైమవతి గుమ్మం ముందర, సిమెంటు పూసిన, ప్రమాణాలకు లోబడిన ఆ పెద్ద గొయ్యిలో.

ఊరంతా బిందెలతో అక్కడికే వచ్చింది. హైమవతి అత్తగారిని మంచం దింపి, ఎర్రబండిలో కూర్చోబెట్టి, గొయ్యి పక్కన పెట్టింది. తుంటి విరిగాక వీధి మొహం చూడని సుభద్రమ్మ, చేతికర్ర అడ్డంపెట్టి, మనిషికి ఒక్క బిందె అని శాసనం చేసింది. విశ్వంభరంగారు కూడా బిందెతోనే వచ్చాడు గాని, వరస వంకరగా ఉండడం చూసి ఉండబట్టలేక, మొదటి మనిషిని ఒక అడుగు లోపలికి జరిపాడు. ఆ అడుగుతో ఆ మనిషి గొయ్యిలో పడ్డాడు. అతన్ని బయటికి లాగి రెండో మనిషిని మొదటివాణ్ణి చేశారు.

కమిషనరుగారు జీపు దిగేసరికి ఎండ ముదిరింది. మెళ్లో తువ్వాలు, తలమీద ఎండిపోయిన సబ్బు నురుగు. కుళాయి మధ్యలో ఆగిపోయిందని చూస్తేనే తెలుస్తోంది. వెంటనే వాల్వులన్నీ తెరవమన్నారు. ఎవరూ కదల్లేదు.

"నోటిమాటకి పేరాలుండవు సార్," అన్నాడు విశ్వంభరంగారు వినయంగా. "తమరే అన్నారు."

"అయితే నేనేం చెయ్యాలయ్యా?"

"అర్జీ పెట్టుకో బాబూ," అంది సుభద్రమ్మ బండిలోంచి. "తల, మొండెం, పాదాలు ఉండాలి. తల కడుక్కునే రావాలని మాత్రం రూలు లేదులే."

హైమవతి ముందుకి వచ్చింది. గొట్టం అతికించకుండా వాల్వు తెరిస్తే నీళ్లు మళ్లీ తన ఇంట్లోకే వస్తాయనీ, అతికించడం అయ్యాకే తెరవాలని అర్జీలో రాస్తే ఈ గొయ్యిలో తర్వాతి బిందె వారికే ఇప్పిస్తాననీ చెప్పింది. సబ్బు కళ్లల్లోకి దిగుతోంది. కమిషనరుగారు ఒప్పుకున్నారు. దుకాణంలో మాస్టారి పక్కన కూర్చుని, గ్లాసు మీద హైమవతి చెయ్యి పెట్టగా, తన ఆఫీసుకి తానే మూడు పేరాల అర్జీ పెట్టుకున్నారు. ప్రతి పేరా మొదటి మాట హైమవతి అర్జీలోదే, తక్కినదంతా గొట్టం అతికించి వాల్వు తెరవమన్న మాటే.

మూడు విభాగాలూ వచ్చి మూడు వాల్వులూ తెరిచాయి. అంతకుముందు ఒకదాని మీద ఒకటి మూడు అతుకులు వేశాయి. ఊళ్లో ఎన్ని గొట్టాలు పగిలినా అది మాత్రం ఇప్పటికీ పగల్లేదు. ముందుగది ఆరింది. మంచం నేలకి దిగింది. ఇటుకలన్నీ సీతాఫలం మొక్క చుట్టూ పేర్చారు.

పేరాల ఉత్తర్వు రద్దయిందా అంటే కాలేదు. రద్దు చేసే ఉత్తర్వులో రెండు పేరాలే ఉన్నాయని విశ్వంభరంగారు తిప్పి పంపాడట.

కొన్నాళ్లకి సాధారణ పరిపాలన విభాగం నుంచి హైమవతికి ఉత్తరం వచ్చింది. తమరు సమర్పించిన ఆరో పేరాను కూలంకషంగా పరిశీలించడమైనదనీ, తమరు ఏదో కోరుతున్నట్లు నిర్ధారణ అయినదనీ, అది ఏమిటో తెలియజేసినచో తక్షణమే నెరవేర్చబడుననీ అందులో ఉంది. ఏమీ అక్కర్లేదని రాసేద్దామనుకుంది హైమవతి. సుభద్రమ్మ ఆపింది. బండి బాగానే ఉంది గాని, వీధిలో వెళుతుంటే ఎవరూ తప్పుకోవడం లేదు. బెల్లు ఉంటే బాగుణ్ణు.

హైమవతి దుకాణానికి వెళ్లి, గ్లాసు రెండుసార్లు ఎత్తి, మూడు పేరాలు కొట్టించింది.

బెల్లులు మర్నాడే వచ్చాయి. మూడు.

"రెండు తిప్పి పంపెయ్యనా అత్తయ్యా?" అని అడిగింది హైమవతి.

"తిప్పి పంపాలంటే మళ్లీ అర్జీ పెట్టాలి. దానికి ఇంకెన్ని వస్తాయో," అంది సుభద్రమ్మ, మూడింటినీ బండికి బిగించమని చూపిస్తూ. "ఉండనీయవే, ఒక్కో పేరాకి ఒకటి."